సేకరించిన సమాచారము ఎవరి కొరకు? — సెర్ట్-ఇన్ పాత్రపై ఒక విమర్శ

1854వ సంవత్సరమున లండను నగరములోని సోహో పేటలో కలరా చెలరేగినది. జాన్ స్నో అను వైద్యుడు మరణములను ఒక్కొక్కటిగా లెక్కించి, వానిలో అధికభాగము బ్రాడ్ వీధిలోని నీటి పంపు చుట్టునే సంభవించినవని కనుగొనెను. ఆయన పని అంతటితో ముగియలేదు. సెప్టెంబరు 7వ తేదీన పేట పెద్దల సభకు పోయి సంగతి విన్నవించెను. మరునాడు పంపు పిడి ఊడదీయబడినది. 1855లో తన పటమును అచ్చువేయించి లోకమునకు చూపెను. లెక్కించుట, కారణమును కనుగొనుట, కనుగొన్న దానిని చెప్పుట — ఈ మూడు పనులలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండును వ్యర్థమగును. ఆ లెక్కల పుస్తకము పెట్టెలో దాగియుండినచో స్నో శ్రమ ఎవరికిని ఉపకరించెడిది కాదు.

కంప్యూటర్ల లోకమునకును అంటువ్యాధులు కలవు. వానిని కనిపెట్టుటకు మన దేశమున ఒక ప్రభుత్వ సంస్థ కలదు. దాని పేరు ఇండియన్ కంప్యూటర్ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్, వాడుకలో సెర్ట్-ఇన్. ఈ సంస్థ స్నో చేసిన మూడు పనులలో దేనిని ఎంతవరకు చేయుచున్నదో పరిశీలించుట అవసరము.

సంస్థ పుట్టుక

1988 నవంబరు 2వ తేదీన అమెరికా నెట్‌వర్కులలో ఒక ప్రోగ్రాము తనంతట తానే యంత్రము నుండి యంత్రమునకు ప్రాకి, వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసినది. దానిని విడిచిన విద్యార్థి పేరుమీద అది మోరిస్ పురుగు అని ప్రసిద్ధి చెందినది. నాడు ప్రతి విశ్వవిద్యాలయమును తనకు తానుగా విరుగుడు వెదకుకొనవలసి వచ్చినది. ఒకరు కనుగొన్నది మరొకరికి చేర్చు ఏర్పాటు లేకుండెను. ఆ కొరతను తీర్చుటకే పిట్స్‌బర్గ్ నగరములోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మొదటి సెర్ట్ కేంద్రము వెలసినది. అనగా ఇట్టి సంస్థల జన్మకారణమే సమాచారమును పంచుట.

మన సెర్ట్-ఇన్ 2004 జనవరిలో పని ప్రారంభించినది. 2008లో సవరింపబడిన సమాచార సాంకేతిక చట్టములోని 70బి విభాగము దీనిని జాతీయ సంస్థగా గుర్తించినది. ఆ విభాగము దీనికి నిర్దేశించిన విధులలో మొట్టమొదటిది సంఘటనల సమాచారమును సేకరించుట, విశ్లేషించుట, వ్యాపింపజేయుట. స్నో చేసిన మూడు పనులును ఆ ఒక్క వాక్యములోనే ఉన్నవి. కావున ఈ విమర్శకు కొలబద్ద బయటినుండి తెచ్చినది కాదు, చట్టమే ఇచ్చినది.

మెచ్చదగిన పనులు

సాఫ్ట్‌వేరులోని లోపములను గూర్చి సెర్ట్-ఇన్ ప్రకటించు హెచ్చరికలు ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. 2017 ఫిబ్రవరిలో ఆరంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రము, దొంగల వశమైన కంప్యూటర్లను గుర్తించి శుభ్రపరచుకొనుటకు సాధనములను అందించుచున్నది.

2022 ఏప్రిల్ 28న సంస్థ వెలువరించిన ఆదేశములలో ఒకటి విజ్ఞానశాస్త్ర దృష్ట్యా చక్కనిది: కంప్యూటర్ల గడియారములు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు లేక జాతీయ భౌతిక ప్రయోగశాల కాలముతో సరిపోవలయును. దీని ప్రయోజనమేమి? దొంగ మొదట ఒక యంత్రములో ప్రవేశించి, దానినుండి రెండవదానికి, అచ్చటినుండి మూడవదానికి పోవును. ప్రతి యంత్రమును రాకపోకలను వేళతో సహా వ్రాసికొనును. ఒక గడియారము ఐదు నిమిషములు ముందు, మరొకటి మూడు నిమిషములు వెనుక నడచినచో, అడుగుజాడల వరుస తారుమారై, దొంగ ఏ ద్వారమున వచ్చెనో తెలియకపోవును. ఈ వ్రాతలను 180 దినములు భద్రపరచవలెనను నియమము కూడ సమంజసమే.

ఆరు గంటల గడువు

అదే ఆదేశము, సంఘటన తెలిసిన ఆరు గంటలలో సంస్థకు తెలియజేయవలెనని విధించినది. తెలుపవలసిన సంఘటనలు ఇరువది రకములు. ఒక సోషల్ మీడియా ఖాతాలో అక్రమముగా ప్రవేశించుటయు, విద్యుత్తు వంటి కీలక వ్యవస్థపై దాడియు ఆ పట్టికలోనే కలవు. పడిశమును, కలరాను ఒకే వేగముతో నివేదింపుమన్నచో వైద్యాధికారి బల్లపై కాగితములు గుట్టపడునే గాని, కలరా ముందుగా కంటబడదు. తీవ్రమైన సంఘటనలకే ఈ గడువు వర్తించునను భావము, మే నెలలో సంస్థ ప్రశ్నోత్తరముల రూపమున ఇచ్చిన వివరణలో కలదు. కాని వివరణకు ఆజ్ఞకున్న బలము లేదు. ఆజ్ఞను మీరినచో కారాగారశిక్షకు కూడ చట్టములో తావున్నది.

ఒక్కడే ఇంజనీరు గల చిన్న ఆసుపత్రిని ఊహించుడు. మొదటి ఆరు గంటలలో అతడు మంటలార్పవలెనా, దరఖాస్తు నింపవలెనా? ఐరోపా సమాఖ్య తన ఎన్.ఐ.ఎస్.-2 శాసనములో దీనికి మెట్లు కట్టినది: 24 గంటలలో తొలి హెచ్చరిక, 72 గంటలలో వివరము, ఒక నెలలో తుది నివేదిక. తొలి గంటలలో తెలిసినది కొంచెమనియు, కారణము మెల్లగా బయటపడుననియు గ్రహించిన విధానమిది.

వి.పి.ఎన్. సేవల వారు తమ వాడుకరుల వివరములను ఐదేండ్లు దాచవలెనను నియమము మరింత చర్చనీయము. వ్యక్తుల వివరములు రాశిగా పోయబడిన చోటు దొంగలకు కొత్త గాదె యగును. కొన్ని విదేశీ సంస్థలు 2022లో తమ సర్వర్లను భారతదేశమునుండి తొలగించుకొనినవి. అట్టి సేవల వాడుకరులు దేశపు చట్టమునకు మరింత దూరమైరి.

చెప్పుటలో లోపము

ఇక మూడవ పని. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి జరిగినది. రోగుల నమోదు మొదలుకొని అనేక పనులు కొన్ని దినములపాటు చేతివ్రాతతో నడచినవి. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల దత్తాంశము దొంగల తాళములో పడినదనియు, నెట్‌వర్కును సరిగా విభజింపకపోవుటయే కారణమనియు ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. విభజన అనగా ఓడ అడుగుభాగమును గదులుగా అడ్డుగోడలతో కట్టుట వంటిది: ఒక గదికి చిల్లుపడినను ఓడ మునుగదు. దాడి సోకని వేరొక సర్వరులోని నకలు వలన ఆసుపత్రి దత్తాంశము తిరిగి లభించినది.

ఈ రెండు వాక్యములలోనే ఎంత పాఠమున్నది! కాని దేశములోని తక్కిన ఆసుపత్రులు చదివి నేర్చుకొనదగిన సమగ్ర నివేదిక ప్రజలముందుకు రాలేదు. ప్రజలకు చేరునవి ప్రధానముగా మొత్తములు. సెర్ట్-ఇన్ దృష్టికి వచ్చిన సంఘటనలు 2019లో 3,94,499; 2020లో 11,58,208; 2022లో 13,91,457. 2020లో దొంగలు మూడింతలైరా, లేక కనిపెట్టు కన్నులు మూడింతలైనవా? మొత్తమును బట్టి ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. జ్వరపీడితుల సంఖ్య చెప్పి, ఏ జ్వరమో, ఏ బావి నీటివలన వచ్చినదో చెప్పని పట్టిక వంటిదిది.

అడిగి తెలిసికొను మార్గమును ఇరుకైనది. 2023 నవంబరులో సెర్ట్-ఇన్ సమాచార హక్కు చట్టపు రెండవ షెడ్యూలులో చేర్చబడినది. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించినది తప్ప, ఈ సంస్థ సమాచారమును ఆ చట్టము క్రింద పౌరులు ఇప్పుడు హక్కుగా కోరలేరు.

ఆక్షేపణ – సమాధానము

రహస్యము అవసరమే గదా యని కొందరందురు. అది కొంతవరకు సత్యము. మందు సిద్ధము కాకముందే లోపమును చాటినచో దొంగకే మేలు. బాధితుల పేర్లు వెల్లడియగునన్న భయమున్నచో ఎవరును నివేదింపరు. కాని ఈ వాదము కాలమునకు లోబడినది. లోపము పూడ్చిన పిదప, పేర్లు తొలగించి, పాఠమును చెప్పుటకు అడ్డేమున్నది?

2017 మే 12న వానాక్రై అను రాన్సమ్‌వేర్ లోకమంతట ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసియుండెను! ఇంగ్లండులో ఆ దాడి ప్రభుత్వ ఆసుపత్రులను దెబ్బతీయగా, జాతీయ ఆడిట్ కార్యాలయము అదే సంవత్సరము అక్టోబరులో నివేదిక ప్రచురించినది. 236 ఆసుపత్రి ట్రస్టులలో కనీసము 81 దెబ్బతిన్నవనియు, సాధారణ జాగ్రత్తలతోనే దాడిని నివారించియుండవచ్చుననియు అది నిర్మొగమాటముగా చెప్పినది. దానివలన దేశరహస్యమేదియు బయటపడలేదు. ఆ నివేదిక వ్రాసినది భద్రతా సంస్థ కాదు, వెలుపలి పరీక్షకుడు. తన జవాబుపత్రమును తానే దిద్దుకొను విద్యార్థికి మార్కులు వేయరాదని ప్రతి ఉపాధ్యాయుడును ఎరుగును.

సెర్ట్-ఇన్‌కు అధికారములు కొదువలేదు. దానికి కావలసినవి మూడు: సంఘటన తీవ్రతను బట్టి మెట్లు గల గడువు, పెద్ద ప్రమాదము ప్రతిదానిపై, పేర్లు లేకుండ, నిర్ణీత కాలములో బహిరంగ నివేదిక, వెలుపలివారిచే పరీక్ష. వీనికి కొత్త యంత్రములు అక్కరలేదు.

పౌరునినుండి ఆరు గంటలలో సమాచారము కోరు సంస్థ, ఆరు నెలలకైనను పౌరునికి పాఠము తిరిగి ఈయవలయును గదా. నేడు జిల్లా ఆసుపత్రి మొదలు పాఠశాల ప్రయోగశాల వరకు అందరును ఒకే నీటిని త్రాగుచున్నారు. ఏ పంపు చెడినదో తెలిసినవారు చెప్పకున్నచో, దాని పిడిని ఊడదీయువాడెవడు?