కాంక్రీటు బీటలకు గాలి సాక్ష్యం

కాణిపాకం వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణం చేసినవారు అబద్ధమాడరని జనుల నమ్మకం. కాంక్రీటు గోడచేత ప్రమాణం చేయించలేము. పరీక్షించి నిజం రాబట్టవలసిందే. గోడ పైకి నున్నగా ఉన్నా, వెంట్రుకకంటె సన్నని బీటలు అందులో దాగి ఉండవచ్చును. తడి ఆరేకొద్దీ సిమెంటు ముద్ద కుంచించుకొంటుంది. అందులోని కంకరరాయి అంతగా కుంచించుకోదు. ఆ పెనుగులాటలో పుట్టేవే ఇటువంటి బీటలు. వీటి వెంట గాలీ నీరూ ఉక్కు కడ్డీలను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది.

ఈ బీటలను పసిగట్టడానికి గాలినే వేగుగా పంపే పద్ధతి ఒకటి ఉన్నది. దీనిని 1992లో రాబర్టో టారెంట్ ప్రకటించారు. ఒకదాని చుట్టూ ఒకటిగా రెండు గదులున్న మూతను గోడకు ఆనించి, అందులోని గాలిని తోడివేస్తారు. పక్కలనుంచి చొరబడే గాలిని వెలుపలి గది అడ్డగిస్తుంది. లోపలి గదికి కాంక్రీటు లోతునుంచి వచ్చే గాలి మాత్రమే చేరుతుంది. అక్కడ పీడనం ఎంత త్వరగా పెరిగితే కాంక్రీటు అంత సులభంగా గాలిని చొరనిస్తున్నదన్నమాట. ఈ గుణాన్నే వాయు పారగమ్యత అంటారు. గోడకు గాయం చేయకుండా, కొద్ది నిమిషాలలో అంకె తేల్చడం ఈ పద్ధతిలోని సుగుణం. స్విట్జర్లాండు 2003లో దీనిని తన నిర్మాణ ప్రమాణాలలో చేర్చింది.

బీట వెడల్పు రెండింతలైతే దాని గుండా పోయే గాలి ఎనిమిదింతలవుతుంది. పరీక్షకు సూక్ష్మత ఇచ్చేది ఈ నియమమే. చిక్కు తెచ్చేదీ ఇదే. కాస్త వెడల్పైన ఒక్క బీటా, సన్నబీటల గుంపూ, బీటలే లేని గుల్ల కాంక్రీటూ ఒకే అంకెను చూపవచ్చును. ఎంత గాలి వచ్చినదో అంకె చెబుతుంది. ఏ దారిన వచ్చినదో చెప్పదు.

తేమతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. కాణిపాకం వద్ద బాహుదా ఒడ్డున ఒక వంతెన స్తంభం ఉన్నదనుకుందాం. ఈశాన్య ఋతుపవనాల వానలో తడిసినప్పుడు కొలిస్తే, నీరు రంధ్రాలనూ బీటలనూ మూసివేయడంవల్ల అంకె తగ్గి, దెబ్బతిన్న స్తంభమే గట్టిదిగా తోస్తుంది. వైశాఖపు ఎండలలో కొలిస్తే అంకె పెరుగుతుంది. మొదటి తీర్పును నమ్మితే ప్రమాదం; రెండవదాన్నే నమ్మితే అనవసరపు మరమ్మతు. తేమ 5.5 శాతం మించరాదని స్విస్ ప్రమాణం విధించింది ఇందుకే. అయితే ఆ ప్రమాణం ముఖ్యంగా కొత్త కట్టడాల పైపొర నాణ్యతను సరిచూడడానికి ఏర్పడినది. దాని మెట్టులనే పాత కట్టడాల బీటలకు యథాతథంగా అన్వయించడం సమంజసం కాదు.

కనుక అదే కట్టడంలో దెబ్బతినని చోటును ముందుగా కొలిచి, దానితో పోల్చడం మేలు. ఒక్కచోట కాక పలుచోట్ల, ఏటా ఒకే ఋతువులో, తేమను కూడా నమోదు చేసి కొలవాలి. అనుమానం కలిగినచోట అతిధ్వని పరీక్ష జరిపి, అవసరమైతే చిన్న ముక్కను తొలిచి తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. గాలి చెప్పే సాక్ష్యం విలువైనదే గాని, ఆ ఒక్క సాక్షి మాటమీద తీర్పు చెప్పరాదు.