రెండు బటన్ల మధ్య

ఫోన్లలో ఆడే ప్రేమకథల గేములకు మాటలు రాసేవాళ్లంటే నాకు గౌరవం. జపాన్‌లో 1994లో ‘ఏంజెలీక్’ అనే ప్రేమకథ గేము వచ్చినప్పటినుంచీ ఈ రచన ఒక వృత్తిగా ఎదిగింది. కథ మలుపులో ఎంచుకోమని ఇచ్చే రెండు బటన్లలో ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది అని ముందే తెలిసిపోతే ఆడేవాళ్లకు ఆలోచించే పనే ఉండదు. రెండిట్లోనూ ఎంతోకొంత నష్టం ఉండాలి.

ఈ విద్యకు మనకో పెద్ద బడి ఉంది. లక్డీకాపూల్‌లో, 1961లో తెరిచిన రవీంద్రభారతి లాంటి వేదికల మీద ‘కన్యాశుల్కం’ నాటకం చూడండి. గురజాడ 1909లో తిరగరాసిన కూర్పులో ముసలి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. అది అబద్ధమని తేల్చే రహస్యం వేశ్య మధురవాణికి తెలుసు. వేశ్యలంటే గిట్టని వకీలు సౌజన్యారావును దానికి బదులుగా ఆమె అడిగేది ఒక ముద్దు. ముసలాయన ప్రాణమా, తన నియమమా? ఆయన ఒప్పుకుంటాడు. తీరా ఆ క్షణానికి మధురవాణే వద్దంటుంది. ఆమెను ఏ గాటన కట్టగలం?

గేములో ఇదే పని ఇంకా చిన్న చోట జరగాలి. ప్రియుడు దాచిన అప్పుకాగితం నాయిక కంటబడింది. బటన్లు రెండు: ‘అడుగు’, ‘తెలియనట్టు ఉండు’. ఏది నొక్కినా గేము గుర్తుపెట్టుకుంటుంది. మూడు అధ్యాయాల తర్వాత అతను “అప్పుడే అడిగి ఉండాల్సింది” అంటాడు, అడగనివాళ్లతో మాత్రమే. అడిగినవాళ్లకు ఆ మాట కనపడదు. అయినా రచయిత దాన్ని మిగతా కథంత శ్రద్ధగా చెక్కుతారు.