నీలి తిమింగలం, దాని ఇద్దరు తమ్ముళ్లు

ఇంట్లో జంతికలు చేసేటప్పుడు మీరు గమనించే ఉంటారు. గొట్టంలో పిండి పెట్టి నొక్కితే, అడుగు బిళ్లకు ఏ ఆకారపు రంధ్రం ఉంటే ఆ ఆకారంలోనే పిండి బయటికి వస్తుంది. ఎంత పొడుగు వచ్చినా సరే, ఎక్కడ తుంచి చూసినా కోత ఒక్కటే. అల్యూమినియం కిటికీ చట్రాలు తయారయ్యేదీ ఈ సూత్రం మీదనే. దీనిని ఎక్స్‌ట్రూజన్ అంటారు. అమెరికాలో లాస్ ఏంజలిస్‌ను ఆనుకుని ఉన్న వెస్ట్ హాలీవుడ్‌లో ఒక పెద్ద భవనాన్నే ఇలా గొట్టంలోంచి నొక్కి, రెండు చివరలా కోసి, నేలమీద పెట్టారా అనిపిస్తుంది. ఫోటో చట్రాలకు వడ్రంగులు కొట్టే బీడింగు పట్టీని వేలరెట్లు పెంచితే ఎలా ఉంటుందో, దాని రూపం అలా ఉంటుంది. అదంతా ముదురు నీలపు గాజు.

దాని పేరు పసిఫిక్ డిజైన్ సెంటర్. 1975లో తెరిచారు. కుర్చీలు, బల్లలు, తెరల బట్టలు, దీపాలు, తివాచీలు తయారుచేసే కంపెనీలు తమ సరుకును గృహాలంకరణ నిపుణులకు చూపించుకునే ప్రదర్శనశాలల సముదాయం ఇది. మొదటి భవనమే దాదాపు 7,50,000 చదరపు అడుగులు. చుట్టూ ఉన్నవేమో ఒకటి రెండు అంతస్తుల దుకాణాలు, ఇళ్లు. వాటి మధ్య ఇంత పెద్ద నీలి ఆకారం వచ్చి పడేసరికి జనం దానికి 'నీలి తిమింగలం' అని పేరు పెట్టారు. మొదట ఆ పేరులో ఎగతాళి ఉండేది. ఇప్పుడు ముద్దుపేరు.

రూపకర్త సీజర్ పెల్లి. 1926లో అర్జెంటీనాలో పుట్టి, అమెరికాలో స్థిరపడి, 2019లో మరణించిన వాస్తుశిల్పి. కౌలాలంపూర్‌లోని 452 మీటర్ల పెట్రోనాస్ జంట గోపురాలు ఆయన ప్రణాళికలే. నీలి భవనం నాటికి ఆయన గ్రూయెన్ అసోసియేట్స్ సంస్థలో పనిచేస్తున్నాడు. ఇక్కడ ఇంకో పేరు కూడా చెప్పుకోవాలి: నార్మా మెరిక్ స్క్లారెక్. న్యూయార్క్‌లో 1954లో, కాలిఫోర్నియాలో 1962లో వాస్తుశిల్పిగా లైసెన్సు పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆ సంస్థలో పెల్లి గీసిన ఊహలను నిలబడే కట్టడాలుగా మార్చే భారం మోసింది ఆమె. ఊహించినవాడి పేరు పుస్తకాలకెక్కడం, నిలబెట్టిన మనిషి పేరు అడుగున పడిపోవడం ఈ వృత్తిలో పాత అలవాటు.

ఇంత పెద్ద పెట్టెకు కిటికీలు పెద్దగా ఎందుకు లేవు? కారణం సహేతుకమైనదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే బట్టల రంగులు వెలిసిపోతాయి. పైగా ఉదయం వెలుగులో ఒక రకంగా, సాయంత్రం వెలుగులో ఒక రకంగా కనిపించే గుడ్డను కొనేవాడు ఎలా ఎంచుకుంటాడు? ప్రదర్శనశాలకు నిలకడైన దీపకాంతి కావాలి. ఇంకొక సంగతి. పక్క కిటికీలోంచి వచ్చే వెలుతురు గదిలోకి ఆరేడు మీటర్లకు మించి పనికొచ్చేంతగా చేరదు. ఈ భవనం వెడల్పు దానికి ఎన్నో రెట్లు. గోడంతా కిటికీలే పెట్టినా నడిమి భాగం చీకటే. అందుకే పెల్లి పగటి వెలుగును పైనుంచి దింపాడు. పై అంతస్తుల మీద గుండ్రని గాజు కప్పు వేసి, దాని కింద పొడవాటి నడవ ఉంచాడు. పక్కనుంచి చూస్తే కనిపించే ఆ వంపు అలంకారం కోసం పెట్టింది కాదు, లోపలి నడవకు కప్పు అది.

కిటికీలు లేని గోడను ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టి వదిలేస్తే అది గోదాములా ఉండేది. పెల్లి గాజు ఎంచుకున్నాడు. అయితే ఇందులో ఎక్కువ భాగం మనం అద్దంలోంచి చూసే గాజు కాదు. పలక వెనకవైపు పింగాణీ రంగు పొడి పూసి, 600 డిగ్రీలు దాటిన వేడిలో గాజుకు అతికిస్తారు. వెలుగు లోపలికి పోదు, రంగు వెలిసిపోదు. ఈ పలకలు బరువు మోయవు. ఉక్కు చట్రానికి తెరలా వేలాడతాయి. గోడ అంటే బరువు మోసేది అనే పాత లెక్కను వదిలి, చర్మంలా కప్పేది అని పెల్లి భావించాడు. ఈ భవనంలో నన్ను ఆకట్టుకునే గుణం ఇదే. గోడ మోయని బరువును మోస్తున్నట్టు నటించదు.

ఫోటోల్లో ఈ భవనం ఒక్కోదాంట్లో ఒక్కో రంగులో ఉంటుంది. కెమెరాల తేడా అనుకోవద్దు, గాజు స్వభావమే అంత. గాజు ఉపరితలం మీద కాంతి నిట్టనిలువుగా పడితే సుమారు 4 శాతమే పరావర్తనం చెందుతుంది. 80 డిగ్రీల ఏటవాలున పడితే దాదాపు 40 శాతం. అంటే దూరంగా ఎదురుగా నిలబడి చూసేవాడికి గాజు సొంత నీలం కనిపిస్తుంది. గోడ వెంబడి నడుస్తూ ఓరగా చూసేవాడికి ఆకాశం, మబ్బులు కనిపిస్తాయి. ఒకే గోడ ఒక చోట ముదురు, ఒక చోట లేత. ఇంత పెద్ద ఆకారం కళ్లకు బరువనిపించకపోవడానికి రంగు కన్నా ఈ మెరుపే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

రంగుకు ఒక దోషం కూడా ఉంది. భవనం ఎంత పెద్దదో మన కన్ను దేనితో కొలుస్తుంది? తలుపుతో, కిటికీతో, అంతస్తు గీతతో. ఇవన్నీ మనిషి ఎత్తుకు తగ్గ కొలబద్దలు. నీలి గాజు తెర మీద ఈ కొలబద్దలు చాలావరకు లేవు. అందువల్ల బొమ్మలో చూస్తే అది బల్లమీద పెట్టిన నమూనాలా చిన్నదిగా ఉంటుంది. పక్కన ఒక ఇల్లు కనిపించేసరికి గుండె గుభేలుమంటుంది. వీధిలో నడిచేవాడికి ఇది మరీ ఇబ్బంది. దుకాణాల వీధి అంటే ప్రతి పది అడుగులకూ ఒక గుమ్మం, ఒక అరుగు, ఒక మనిషి. ఇక్కడ ఎంతో దూరం గాజు గోడ తప్ప ఏమీ ఎదురవదు. పైగా సరుకు గృహాలంకరణ వృత్తివారి కోసమే ఉద్దేశించింది. ఊరికంతటికీ కనిపించే భవనం, ఊరి జనానికి పెద్దగా పనిలేని భవనం. జనం విసుక్కున్నది రంగును చూసి కాదు, ఈ పెడమొహాన్ని చూసి అనుకుంటాను.

1988లో రెండవ భవనం వచ్చింది. ఇది ఆకుపచ్చ, తొమ్మిది అంతస్తులు, సుమారు 4,50,000 చదరపు అడుగులు. పొడవాటి జంతిక పక్కన దీన్ని కోణాలు తీర్చిన రాయిలా నిలబెట్టాడు. ముందు బహిరంగ చావడి వచ్చింది, ఊరికి కొంత చోటు దొరికింది. ఇది మొదటిదాని ధైర్యం లేని భవనం. చెడ్డది కాదు, గుర్తుండదు. మూడవది ఎర్రది. చాలా ఏళ్లు కాగితం మీదే ఉండి, 2013లో పూర్తయింది. ప్రదర్శనశాలలు కాదు, కార్యాలయాలు. కార్లు నిలిపే అంతస్తుల మీద రెండు వంపు గోపురాలు, వాటి నడుమ తాటిజాతి చెట్ల పెరడు. ఆఫీసులో మనుషులు పగలంతా కూర్చుంటారు కాబట్టి వెలుతురు కావాలి. అందుకే పెట్టె సన్నబడి రెండుగా చీలింది. పని మారితే రూపం ఎలా మారుతుందో చూడాలంటే మొదటిదాన్ని, మూడవదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం: టీవీ తెరమీది మూడు ప్రాథమిక వర్ణాలు ఇవేగా! మూడూ కలిస్తే తెల్లని కాంతి వస్తుందని తరగతిలో చదివాం. కానీ అది వెలుగు విడుదల చేసే తెరకు వర్తించే లెక్క. గాజు పలక తన మీద పడిన ఎండలో కొంత మింగి, మిగిలినదాన్నే తిప్పి పంపుతుంది. మింగినది ఏమవుతుంది? వేడి అవుతుంది. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే కాబట్టి, కంటికి కనిపించే రంగును బట్టి మాత్రమే గోడ ఎంత వేడెక్కుతుందో చెప్పలేం.

మనకు ఇది అవసరమైన సంగతి. 1990ల చివరి నుంచి హైదరాబాద్ పడమటి వైపు గాజు భవనాలు వరసగా లేచాయి. లాస్ ఏంజలిస్ ఉన్నది ఉత్తర అక్షాంశం 34 డిగ్రీల దగ్గర, సముద్రపు చల్లగాలి పక్కన. హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర. ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అక్కడి నీలి గోడలో చాలా భాగం గాజు వేసుకున్న మూసిన గోడ, దాని వెనక వేడిని ఆపే పొర ఉంటుంది. మనవాళ్లు చాలాచోట్ల మెరుపును మాత్రం తెచ్చుకుని, మూసిన గోడ ఉండాల్సిన చోట వెలుగు దూరిపోయే గాజు పెట్టారు. సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి వస్తే తెరలు దించి, దీపాలు వేసి, ఏసీ పెంచుకుని కూర్చుంటారు. 2017 నాటి మన ఇంధన పరిరక్షణ భవన నియమావళి, నిర్దేశిత పద్ధతిని పాటించే కట్టడాల్లో గోడ వైశాల్యంలో కిటికీల వంతు 40 శాతం మించకూడదంటుంది. నీలి తిమింగలం ఆ పరీక్షలో సులువుగానే నెగ్గుతుంది!

ఆ మూడు భవనాలను మునిమాపు వేళ తీసిన ఫోటోలు దొరికితే ఒక విషయం గమనించండి. వెలుతురు తగ్గుతున్నకొద్దీ మన కన్ను ఎరుపును ముందు పోగొట్టుకుంటుంది, నీలం ఆకుపచ్చలు ఇంకాసేపు నిలుస్తాయి. దీనికి పర్కింజే ప్రభావం అని పేరు. అక్కడే నిలబడి చూసేవాడికి, దీపాలు వెలిగించకముందు, అన్నిటికన్నా కొత్త భవనమే ముందుగా నల్లబడాలి. కెమెరాకు ఈ బలహీనత లేదు కాబట్టి ఫోటోలో ఎరుపు ఎరుపుగానే ఉంటుంది.