బాయి - కొలువు - మక్కువ : బొగ్గుసీమలో ఉన్నతికాంక్షను గూర్చిన విచారము

మనుష్యుడు బ్రతుకుటకై చేయు పనికిని, మక్కువపడి చేయు పనికిని గల సంబంధము సాహిత్యవిమర్శకు క్రొత్త విషయము కాదు. అయినను దీనిని విచారించువారు తరచుగా వ్యక్తి స్వభావమునకే పరిమితము చేయుచున్నారు. ధైర్యము గలవాడు తన ఇష్టమును అనుసరించుననియు, అది లేనివాడు జీతమునకు లోబడుననియు చెప్పుట సులభము. గోదావరిఖని, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతములను గూర్చి ఇట్టి తీర్పు అప్పుడప్పుడు వినబడుచుండును. అచ్చటి తల్లిదండ్రులకు బిడ్డల విషయమున సింగరేణి కొలువు తప్ప వేరు ఆకాంక్ష లేదనియు, పాట, నాటకము, చిత్రలేఖనము మున్నగు వానియెడ వారికి చులకన కలదనియు ఆ తీర్పు సారాంశము. అచ్చటి మాటలను, అచ్చటి చరిత్రను కలిపి చదివినచో ఈ తీర్పు నిలువదని నా అభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట మాటలను చూతము. ఉద్యోగమను పదమునకు సంస్కృతమున ప్రయత్నమని, పూనికయని అర్థము. భారతములోని ఉద్యోగపర్వము యుద్ధమునకు పూనుకొనుటను తెలుపునదే గాని జీతపుపనిని తెలుపునది కాదు. ప్రయత్నమును చెప్పు మాట కాలక్రమమున జీతపుపనికి పేరైనది. తెలంగాణమున దానికి సమానముగా వాడుకలోనున్న కొలువు అను అచ్చతెనుగు పదము రాజసభకు, సేవకు సంబంధించినది. నౌకరి అనునది పారసీకమునుండి ఉర్దూ ద్వారమున వచ్చినది, అదియు సేవార్థకమే. ఈ మూడు పదములలో ఒక్కటియు మనుష్యుని అంతరంగపు ఇష్టమును స్పృశింపదు. మక్కువకు మన భాషలో మాటలు లేకపోలేదు. అవి జీవనోపాధిని చెప్పు మాటలతో కలియలేదు.

ఈ విభజనకు మన సాహిత్యమున ప్రసిద్ధమైన రూపము పోతన శ్రీనాథుల జంట. భాగవతావతారికలో పోతన తన కావ్యమును రాజులకు అంకితమిచ్చి అగ్రహారములను, వాహనములను పడయుటకు అంగీకరింపక శ్రీరామునకే సమర్పించినట్లు చెప్పుకొనెను. సత్కవులు సేద్యము చేసికొని బ్రతికినను తప్పులేదను భావము గల చాటుపద్యము కూడ ఆయన పేర ప్రచారములో నున్నది. అది ఆయన రచన యగునా కాదా అను చర్చ యెట్లున్నను, జాతి దానిని ఆయనకు ఆపాదించుటయే ఒక సాక్ష్యము. శ్రీనాథుడు కొండవీటి రెడ్ల ఆస్థానమున విద్యాధికారియై కొలువునకు, భోగమునకు ఉదాహరణముగా నిలిచినాడు. కొలువును త్యజించి నాగలిని నమ్ముకొన్న కవి ఉత్తముడను ఆదర్శము తెలుగువారి మనస్సులో ఇట్లు స్థిరపడినది.

కాని ఈ ఆదర్శమునకు ఒక ఆధారము కలదు. పోతన కొలువును కాదనగలుగుటకు అతని క్రింద భూమి యుండవలెను. బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, పంటను కృష్ణ వరదకు పోగొట్టుకొని, చెల్లింపవలసిన ఏడునూర్ల టంకములకై కడగండ్లు పడినట్లు శ్రీనాథుని పేర నున్న చాటుపద్యము ఈ సత్యమునే రెండవ వైపునుండి చెప్పుచున్నది. స్వంతభూమి లేనివానికి సేద్యము స్వాతంత్ర్యము కాదు, మరియొక బంధము. పోతన త్యాగమును మెచ్చుకొను విమర్శకులు బొడ్డుపల్లె గుత్తను కూడ గుర్తుంచుకొనవలెను.

ఇక బొగ్గుసీమకు వత్తము. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో ఇంగ్లండున హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో దానికి సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన అధీనము గావించుకొన్నది. నేడు దానిలో తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 పాళ్లు కలవు. రామగుండము ప్రాంతమున గనులు 1960 ప్రాంతమున వెలసినవి. వానితోపాటే గోదావరిఖని పట్టణమును పెరిగినది. అచ్చటికి పనికై వచ్చినవారిలో పెక్కురు చుట్టుపట్టు జిల్లాల పల్లెలనుండి వచ్చిన చిన్నరైతులు, కూలీలు, చేతివృత్తులవారు.

వారు గనికి పెట్టుకొన్న పేరు గమనింపదగినది. వాడుకలో అది బొగ్గుబాయి, పొట్టిగా బాయి. తెలంగాణ పల్లెలో బాయి యనగా మడికి నీరిచ్చు బావి. బాయికాడికి పోయినాడనగా పొలమునకు పోయినాడని అర్థము. గోదావరిఖనిలో ఆ వాక్యమునకే గనికి పోయినాడని అర్థము. పల్లెను విడిచినవాడు పల్లెమాటను విడువలేదు. నీరు చేదిన చోటునకు పెట్టిన పేరును బొగ్గు చేదు చోటునకు పెట్టుటలో, ఈ పనియే ఇకమీద నా సేద్యమను భావము ఇమిడియున్నది. ఇది కేవలము ఉపమానము కాదు. గనుల విస్తరణమున భూములు పోయిన కుటుంబములలో కొన్నిటికి భూమికి బదులుగా కొలువు లభించినది. అట్టి ఇంట కొలువు భూమివంటిది యని చెప్పుట చాలదు. అది భూమికి మారుగా వచ్చిన ఆస్తి.

భూమి యైనదానికి వారసత్వము తప్పదు. తండ్రి స్థానమున కొడుకునకు గాని, అల్లునకు గాని పని యిచ్చు పద్ధతిని ఆ సీమవారు వారసత్వ ఉద్యోగమని పిలుచుట ఇందువలననే. ఆ పేరిట వచ్చిన పథకమును 2017లో హైదరాబాదులోని ఉమ్మడి ఉన్నత న్యాయస్థానము సమానావకాశ సూత్రమునకు విరుద్ధమని కొట్టివేసినది. తరువాత 2018 నుండి కారుణ్య నియామకముల పేర, అనారోగ్యమువలన పనికి తగడని వైద్యమండలి తేల్చిన కార్మికుని ఆశ్రితునకు పని యిచ్చు పద్ధతి అమలునకు వచ్చినది. న్యాయస్థానము రాజ్యాంగభాషలో మాటాడినది. కార్మికుడు పట్టాభాషలో మాటాడినాడు. ఉద్యోగము పౌరులందరి అవకాశమని ఒకరు, అది తన ఇంటి మడియని మరియొకరు భావించినప్పుడు వివాదము కేవలము చట్టవిషయము కాదు. ఒక పదమునకు గల రెండు అర్థముల సంఘర్షణ.

ఇచ్చట విషయము మరింత గంభీరమగుచున్నది. పల్లెలో తండ్రి భూమిని కొడుకున కిచ్చుటకు అతని దేహము చెడవలసిన పనిలేదు. ఇచ్చట మాత్రము తండ్రి పనికి అనర్హుడైననే గాని కొడుకునకు కొలువు రాదు. తండ్రి క్షీణించిన దేహమే ఆ కొలువునకు పట్టా. అట్టి పట్టాను అందుకొనవలసిన యువకుడు నాకు పాట ఇష్టము, ఈ కొలువు వలదు అనుట, పోతన రాజును కాదనుట వంటిది కాజాలదు. పోతన కాదన్నది పరుని దానమును. ఈతడు కాదనవలసినది తండ్రి త్యాగమును. ముందు కొలువు, తరువాత నీ ఇష్టము అను తల్లి మాటలో కళయెడ తిరస్కారమును వెదకుట పొరపాటు. ఇల్లు మరల గుత్తభూమి పాలు కాకూడదను భయమే అందలి అర్థము.

కొలువు చేయుచునే కళను పండించినవారు ఈ గోదావరి తీరముననే లేరా యని ప్రశ్నింపవచ్చును. కలరు. దండేపల్లి ప్రాంతపు లింగాపురమున జన్మించిన గూడ అంజయ్య (1955-2016) ప్రభుత్వ వైద్యశాఖలో ఔషధశాలోద్యోగియై యుండియే తెలంగాణమంతట మారుమ్రోగిన పాటలను కట్టినాడు. పూర్వపు ఆదిలాబాదు జిల్లావాడైన సామల సదాశివ అధ్యాపకవృత్తిలో జీవితము గడపి, హిందూస్థానీ సంగీతముపై తన మక్కువను వ్యాసములుగా మలచి, స్వరలయలు గ్రంథమునకు 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారమును పొందినాడు. వీరికి కొలువు పొలమైనది; కళ గట్టుపై పెరిగిన చెట్టైనది. కాని ఈ ఉదాహరణములను చూపి గనికార్మికునకు ఉపదేశించుట న్యాయము కాదు. పాఠశాల, ఔషధశాల సాయంకాలమును మిగుల్చును. మూడు షిఫ్టులలో వంతులు మారుచు భూగర్భమున చేయు పని నిద్రావేళలనే నిలువనీయదు. గట్టు లేని పొలమున చెట్టెచ్చట పెరుగును?

ఈ దృష్టితో బొగ్గుసీమ సాహిత్యమును చూచినచో దాని బలము, కొరత రెండును తేటపడును. మంథని ప్రాంతపు గాజులపల్లెలో పుట్టిన అల్లం రాజయ్య మొదలగు రచయితలు రైతును, గనికార్మికుని తెలుగుకథకు నాయకులను గావించిరి. ప్రమాదములు, సమ్మెలు, పోరాటములు ఆ సాహిత్యమున శాశ్వతస్థానము పొందినవి. ఇది సామాన్యమైన సేవ కాదు. అయితే నేను చదివినంత వరకు అందు కార్మికుడు బాధపడువాడుగను, పోరాడువాడుగను స్పష్టముగా కనబడునుగాని, కోరుకొనువాడుగ అంత స్పష్టముగా కనబడడు. అతనికి ఏమి కావలెనని యుండెను? దిగువకు దిగునప్పుడు మనస్సున ఏ రాగము మెదలెను? సమ్మె కోర్కెల పట్టికలో చేరని కోరిక యేది? ఈ ప్రశ్నలను వర్గదృష్టికి విరుద్ధములని త్రోసివేయరాదు. కోరిక లేనివానిగా ఒకని చూపుట, అతనిని మరల పనిముట్టుగా చూపుటయే యగును.

ఆ సీమ ఆడుబిడ్డల స్థితి వేరుగా విచారింపదగినది. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున స్త్రీలు పనిచేయుటను నిషేధించినది; 2019లో కొన్ని నియమములతో ఆ ద్వారము తెరువబడినది. అంతవరకు బాయి వారసత్వము ప్రధానముగా పురుషులది. తండ్రి కొలువు కూతురింటికి అల్లుని ద్వారమున పోవలసియుండెను. పట్టా లేకపోవుట అన్యాయమే. కాని ఆ పట్టా ఋణము కూడ ఆమెపై లేకపోవుటవలన కొందరికి చదువుదారి తెరచికొని యుండవచ్చును. కథకులు పరిశీలింపవలసిన విషయమిది.

కొలువు భూమి యైనదంటిమి. కాని అది భూమివలె నిలుచునా? రామగుండమున 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారము 1999లో మూతపడినది. 2021లో మరల క్రొత్త సంస్థగా నడచుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టినది. 1990 దశకారంభమున సింగరేణిలో లక్షకు మించిన కార్మికులుండగా నేడు ఆ సంఖ్య నలుబదివేల ప్రాంతమునకు దిగినది. పొలము పంట నిచ్చి మరల పంట నిచ్చును. గని ఇచ్చినది మరల ఇయ్యదు. భూమికి మారుగా స్వీకరించిన ఆస్తి తరుగుచున్నప్పుడు, ఆ ఆస్తిపై నిలిచిన ఆకాంక్షయు మారక తప్పదు. కొలువే లేనిచో ముందు కొలువు అను మాటకు ఆధారము పోవును. ఇష్టమును అనుసరింపుమను మాటకు మాత్రము ఆధారము వచ్చునా? పోతనకు మడి యుండెను. ఈ యువకునకు మడియు లేదు, బాయియు సందేహము.

కావున బొగ్గుసీమవారికి ఆకాంక్ష లేదనుట చరిత్రను చదువకపోవుటయే. వారి ఆకాంక్ష అంతయు ఒకతరము దేహమును వెచ్చించి ఇంటి క్రింద నేలను నిలుపుటలో వినియోగమైనది. మక్కువ యనునది ఆ నేల నిలిచినప్పుడే మొలచును. సాహిత్యము ఉపదేశము చేయుటకు ముందు ఆ నేలను కొలువవలెను. కొలిచి, అందు మొలవకపోయిన కోరికల పేర్లను కూడ వ్రాయవలెను.