ఆనందమై పుట్టిన మాటా!

ఓ డ్రీమ్! నిన్ను కలగానే ఎరిగిన లోకానికి నీ తొలి ముఖం తెలియదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు నాలుక మీద నీ పేరు డ్రేఆమ్. అప్పుడు నువ్వు నిండు కొలువులో నెగడు వెలుగువి, చేతులు మారే తేనెసారా గిన్నెల గలగలవి, తంత్రుల మీద పరుగెత్తే వేళ్ల ఝణఝణవి. సంతోషమూ నువ్వే, సంగీతమూ నువ్వే! పాటకీ పరవశానికీ నడుమ గోడ కట్టని మాటవి. గానవిద్యను డ్రేఆమ్‌క్రాఫ్ట్ అని నీ పేరుతోనే పిలుచుకున్నారు.

బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో నిన్ను చూశాను. హెయొరోట్ మందిరంలో వీణ మోగుతుంటే, గాయకుడు సృష్టి కథ పాడుతుంటే, బయట చిత్తడి చీకట్లో గ్రెండెల్ అనే రాక్షసుడు కుములుతుంటాడు. రోజూ చెవిన పడే నువ్వే వాడి గుండెలో ములుకువి. వాడి గోళ్లను వర్ణించక ముందే కవి ఒక గుర్తు చెబుతాడు: వాడు నీకు నోచుకోనివాడు. ఇంతకు మించిన శాపం నేనెక్కడా చదవలేదు. 1731లో లండన్‌లో మంటలు రేగి ఆ కావ్యం రాతప్రతిని అంటుకున్నాయి. తోలు పుటల అంచులు మాడి, పెళుసెక్కి, పొడిపొడిగా రాలాయి. అయినా నువ్వు మాకు దక్కావు తల్లీ!

మరి కలను ఆనాటి ఇంగ్లండు జనం ఏమన్నారు? స్వెవ్న్ అన్నారు. మన స్వప్నానికి తోబుట్టువు! ఒకే మూలభాష కడుపున పుట్టినవి రెండూ. ఒకటి సంస్కృతం చెయ్యి పట్టుకుని తెలుగింటికి నడిచొచ్చింది. ఇంకొకటి పడమటి సముద్రపు మంచులో కొన్నాళ్లు వెలిగి మాసిపోయింది. దాని చోటికి 13వ శతాబ్దం నాటికి నువ్వు వచ్చావు. ఓడలెక్కి వచ్చిన నార్సు జనం కలను డ్రౌమ్ర్ అనేవారు. వాళ్ల ఊపిరి సోకి నీ అర్థం మళ్లిందని పండితుల ఊహ. కొలువు విడిచి కనురెప్పల చాటుకి, పదిమంది కేరింత నుంచి ఒక్కరి నిద్రలోకి ఎంత దూరం నడిచావమ్మా!

నీ తొలి ముఖానికి ఇంకో సాక్షి ఉంది. ఇటలీలోని వెర్చెల్లి పట్టణంలో ఒక పాత ఇంగ్లీషు రాతప్రతి భద్రంగా ఉంది. క్రీస్తును మోసిన శిలువే నోరు విప్పి మాట్లాడే కావ్యం అందులో ఉంది. 'ద డ్రీమ్ ఆఫ్ ద రూడ్' (శిలువ కల) అన్న దాని పేరు తర్వాతి పండితులు పెట్టింది. లోపల కవి తన కలను స్వెవ్న్ అనే అన్నాడు. నువ్వు కనిపించేది కావ్యం చివర్లో, భూమ్మీది సంతోషాలకీ స్వర్గంలోని ఆనందానికీ పేరుగా.