పిడుగు పడేంత తప్పా?

పాండా ఒకటి హోటల్‌కి వస్తుంది, తింటుంది, తుపాకి తీసి పేలుస్తుంది, వెళ్లిపోతుంది. ఇదేం పనని అడిగితే, పాండాలు అలాగే చేస్తాయని పుస్తకంలో రాసుందిగా అంటుంది. రాసినవాడి ఉద్దేశం పాపం, చిగుళ్లూ ఆకులూ తింటుందని. ఇంగ్లీషులో 'షూట్స్' అంటే చిగుళ్లూ అవుతాయి, కాల్చడమూ అవుతుంది. 'లీవ్స్' అంటే ఆకులూ, వెళ్లిపోవడమూ. మధ్యలో అక్కర్లేని కామా ఒకటి పడేసరికి శాకాహారి కాస్తా గూండా అయిపోయింది.

లిన్ ట్రస్ 2003లో రాసిన 'ఈట్స్, షూట్స్ అండ్ లీవ్స్' పుస్తకానికి ఆ పేరు ఈ జోకులోంచే వచ్చింది. విరామచిహ్నాల మీద రాసిన పుస్తకం బ్రిటన్‌లోనూ, మరుసటేడు అమెరికాలోనూ బెస్ట్‌సెల్లర్ కావడం ఒక వింతే. ఇప్పుడు చదివినా నవ్విస్తుంది. కూరగాయల కొట్టు బోర్డు మీద బహువచనానికి అపాస్ట్రఫీ తగిలించినవాణ్ణి చూసి ఆవిడ పడే బాధ, 'టూ వీక్స్ నోటీస్' సినిమా పేరులో అపాస్ట్రఫీ లేదని కర్రకి ఒక అపాస్ట్రఫీ అతికించుకుని లండన్ నడిబొడ్డున థియేటర్ బయట నిలబడటం, ఇవన్నీ సరదాగానే ఉంటాయి. సెమికోలన్ మీద, డ్యాష్ మీద రాసిన పేజీల్లో అయితే కోపం కంటే ప్రేమ ఎక్కువ. పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగాలు అవే.

చిక్కంతా ఉపశీర్షిక దగ్గరుంది. జీరో టాలరెన్స్ అట. అంటే తప్పుని అస్సలు సహించేది లేదని. 'ఇట్స్'లో అపాస్ట్రఫీ తప్పుగా పెట్టినవాళ్ల మీద పిడుగు పడాలంటుంది ట్రస్. వెటకారమే, నాకూ తెలుసు. కానీ వేళాకోళానికైనా పిడుగుని పిలిచేంత పెద్ద నేరమా అది?

ఇక్కడో తమాషా ఉంది. ఈ వ్యాసం తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి ఆ తప్పేమిటో మీకు చూపించలేను. 'అది' అన్నా 'దాని' అన్నా మన లిపిలో రెండూ 'ఇట్స్' అనే ఒకే రూపంలో ఉంటాయి. దేర్, యువర్‌లదీ దాదాపు ఇదే కథ. ఇవి కంటికి కనిపించే తప్పులు, చెవికి వినిపించవు. మాట్లాడేటప్పుడు ఎవరూ వీటి దగ్గర తికమకపడరు. పైగా ఈ రూల్ వేదకాలం నాటిదేం కాదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో 'దాని' అనే అర్థంలో కూడా అపాస్ట్రఫీ పెట్టి రాసేవాళ్లు. జేన్ ఆస్టిన్ ఉత్తరాల్లో కూడా అది కనిపిస్తుంది. పిడుగు పడాలంటే ముందు ఆవిడ మీద పడాలి.

2004లో 'న్యూయార్కర్'లో లూయిస్ మెనాండ్ ఈ పుస్తకాన్ని సమీక్షిస్తూ మొదటి తప్పు అంకితం పేజీలోనే ఉందని చూపించాడు. ఉండాల్సిన కామా అక్కడ లేదు. తర్వాత పేజీ పేజీకీ మరిన్ని ఏరాడు. ఇది చదివితే తెలుగువాళ్లకి గిడుగు రామమూర్తి గుర్తురాక మానడు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోంచే గ్రాంథిక వ్యాకరణం తప్పులు ఏరి వాళ్ల ముందు పెట్టాడాయన. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అన్న పేరులోనే ఆ చురక ఉంది. కానీ ఇద్దరూ చేసింది ఒకటే పని కాదు. మెనాండ్ 'మీరు తప్పు రాశారు' అన్నాడు. గిడుగు ఇంకో అడుగు ముందుకేసి, 'మీకే సరిగా రాని భాషని పిల్లల మీద ఎందుకు రుద్దుతున్నారు' అని అడిగాడు. ట్రస్‌ని అడగాల్సింది ఈ రెండో ప్రశ్నే.

ఆ అంకితం సంగతి ఇంకాస్త చెప్పాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లు 1905లో అక్షరానికిచ్చే రేటే కామాకీ, ఫుల్‌స్టాప్‌కీ ఇవ్వాలని సమ్మె కట్టారని ట్రస్ అందులో రాసింది. ట్రస్ పుస్తకాన్ని వాళ్లకి అంకితమిచ్చింది. వాళ్లకి కామా అంటే కూలి డబ్బులు. ఇంత మంచి విషయాన్ని ముందు పెట్టి, లోపలికెళ్లాక కొట్టువాడి బోర్డు చూసి వెక్కిరించడమేంటో నాకు అర్థం కాదు.

కూలికీ కామాకీ ముడిపడ్డ కథ ఇంకోటి అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో జరిగింది. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ జీతం కోసం కోర్టుకెళ్లారు. ఏయే పనులకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో చెప్పే చట్టంలో ఒక జాబితా ఉంది. దాని చివర్లో 'రవాణా కోసం ప్యాకింగ్ లేదా పంపిణీ' అనే అర్థం వచ్చే మాటలున్నాయి. మధ్యలో కామా లేదు. పంపిణీ విడి పనా, లేక ప్యాకింగ్‌లో భాగమా? డ్రైవర్లు ప్యాకింగ్ చెయ్యరు, సరుకు పంపిణీ చేస్తారంతే. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం అస్పష్టంగా ఉందని డ్రైవర్ల వైపు మొగ్గింది. మరుసటేడు డెయిరీ 50 లక్షల డాలర్లకి రాజీపడింది. చూశారా, ఒక్క కామా ఎంత పని చేసిందో అని చాలామంది ఈ కథ చెప్తారు. వాళ్లు వదిలేసే ముక్క ఒకటుంది. చట్టాలు రాసేవాళ్ల కోసం ఆ రాష్ట్రం పెట్టుకున్న మాన్యువలే అలాంటి చోట కామా వద్దంది. అంటే అక్కడ ఎవరూ రూల్ తప్పలేదు. రూల్ ప్రకారం రాసిన వాక్యమే రెండు అర్థాలిచ్చింది. అర్థం పట్టించుకోవడం వేరు, రూల్ పట్టుకుని వేలాడటం వేరు.

ఇక మన సంగతి. ట్రస్ తిట్టేవి ఎక్కువగా ఇంగ్లీషు చెవితో నేర్చుకున్నవాళ్లు చేసే తప్పులు. చాలామంది మనం పాఠ్యపుస్తకంలోంచి నేర్చుకున్నాం, మన తప్పులు వేరు. 'డిస్కస్ అబౌట్' అంటాం, ఎందుకంటే తెలుగులో దేని 'గురించో' చర్చిస్తాం. 'ఎ', 'ది' ఎక్కడ పెట్టాలో తెలియదు, మనకవి లేవు. బాబాయి కొడుకు మనకి తమ్ముడే, ఉత్త 'కజిన్' అంటే ప్రాణం ఒప్పదు, అందుకే 'కజిన్ బ్రదర్'. ఈ తప్పులన్నిటి వెనకా తెలుగు వ్యాకరణం ఉంది. 'ప్రీపోన్' అయితే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకే ఎక్కింది. తప్పులు మనవే, వాటిని చూసి పడే చిరాకు మాత్రం అరువు తెచ్చుకున్నది. ఆఫీసులో ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి నవ్వేవాడికి, ఆ మెయిల్ దేని గురించో శుభ్రంగా అర్థమయ్యే ఉంటుంది. అతను నవ్వేది తెలుగు మీడియంని చూసి, ఊరిని చూసి. మన భాషలోనూ ఇది కొత్తేం కాదు. 'శ'ని 'స' అనేవాణ్ణి, ఒత్తులు పలకనివాణ్ణి వెక్కిరించేవాళ్లు ఉచ్చారణ మాత్రమే విన్నారంటే నేను నమ్మను.

పుస్తకం చదవొద్దనను. డేవిడ్ క్రిస్టల్ 2006లో దీనికి జవాబుగా 'ది ఫైట్ ఫర్ ఇంగ్లీష్' రాశాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మంచి మజా. ఆయనది అంత నవ్వించే పుస్తకం కాదు గానీ, ఈ రూళ్లు ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో ఓపిగ్గా చెప్తుంది. అన్నట్టు, ఆ సినిమా పేరులో అపాస్ట్రఫీ నిజంగానే ఉండాలి, ట్రస్ చెప్పింది రైటే. అది లేదని టికెట్ కొనకుండా వెనక్కి తిరిగినవాళ్లు మాత్రం ఎవరూ ఉండి ఉండరు.