నాపరాళ్ల సీమకు ముళ్ల మెత్త

రాతితోటకు డ్యూటెరోకోనియా బ్రెవిఫోలియాను మించిన మొక్క లేదు. బొలీవియా, వాయవ్య అర్జెంటీనా కొండల్లో పుట్టిన ఈ ముళ్ల మొక్క మన అనాసకు దాయాది. అబ్రొమైటియెల్లా అన్నది దీని పాత పేరు. వేలెడంత కూడా లేని ఆకుగుత్తులు వందలకొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగి, బండ మీద పచ్చటి గుట్టగా లేస్తాయి. పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి గాలి పీల్చే జాతి కనుక నీటిని చాలా పొదుపుగా వాడుతుంది. ఆ గుట్ట అందమంతా దాని నిదానంలోనే ఉంది. కాలిఫోర్నియాలో 1907లో హంటింగ్టన్ ఎడారి తోటకు శ్రీకారం చుట్టిన విలియం హెర్‌ట్రిచ్, పంచకులలో 1987లో వెలసిన జెముడు తోటకు ప్రాణం పోసిన డాక్టర్ జె.ఎస్. సర్కారియా, ఇద్దరూ ఇలాంటి ఓర్పుకే మనం దండం పెట్టాల్సిన మహానుభావులు.

రాళ్లు పేర్చి సందులో మొక్క గుచ్చితే రాతితోట అయిపోతుందనుకోవడం పొరపాటు. బేతంచెర్ల నాపరాయి మన నంద్యాలకు చేతికందే దూరంలోనే ఉంది, కానీ కుందూ లోయలోని నల్లరేగడి వాన నీటిని పట్టి ఉంచుతుంది. ఈ జాతిని చంపేది ఎండ కన్నా ముందు వేరుకుళ్లే. అందుకే నేల మట్టానికి పైన దిబ్బ కట్టి, గరుసు, ముతక ఇసుక ఎక్కువగా, మట్టి తక్కువగా కలపాలి. బండను మూడో వంతు పాతిపెట్టి కాస్త వెనక్కి వాల్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాటకముందే గరికను, తుంగను గడ్డలతో సహా ఏరేయాలి. ముళ్ల మెత్త మధ్యలో తుంగ మొలిచిందంటే ఇక ఎవరి వేళ్లూ అక్కడికి పోలేవు. పిలకను విడదీశాక గాయం ఆరనిచ్చి నాటడం, మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ తడపడం తెలిసిన చేతికే ఈ మొక్క లొంగుతుంది.

కొండగాలికి అలవాటుపడిన మొక్క నంద్యాల వేసవికి ఆగుతుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. మధ్యాహ్నపు ఎండ తగలకుండా బండకు తూర్పు వైపున పెట్టాలి. రోజంతా ఎండ కాసే చోట బ్రెజిల్ దాయాది డికియాను నాటుకోవచ్చు, అదీ ముళ్లదే, ఎండకు గట్టిది. పరాయి మొక్క మనకెందుకనే వాదనకూ బలముంది. ఊళ్లను ముంచెత్తిన నాగజెముడును అణచడానికి 1926లో సింహళం నుంచి పురుగును తెప్పించాల్సి వచ్చింది. ఏళ్లు గడిచినా జానెడు జరగని ఈ గుట్టను దానితో జమకట్టడం మాత్రం అన్యాయం. అయినా పక్కనే మన బొంతజెముడుకు, కుందేటి కొమ్ములకు చోటివ్వాల్సిందే. అవి లేని రాతితోట ఈ సీమది అనిపించుకోదు.

నాకు కడుపు మండేది మరోచోట. జెముడుకు రంగు పూసి, ప్లాస్టిక్ పువ్వు జిగురుతో అంటించి అమ్మడాన్ని మొక్కల వ్యాపారం అంటున్నారు. రంగు కింద కాండానికి వెలుతురు అందదు, మొక్క నీరసిస్తుంది. కొన్నవాళ్లేమో తమ చేతి దోషమనుకుని రాతితోట ఊసే మానేస్తారు. నర్సరీల వారికి నా విన్నపం ఒక్కటే: ఆ రంగు డబ్బాలు పక్కన పెట్టి పిలకలు పెంచండి. తోట వేసుకునేవారు సిమెంటు కుండీ కొనే ముందు ఒకసారి ఆళ్లగడ్డ వెళ్లి, ఉలి పట్టిన శిల్పిని అడుగున రంధ్రమున్న రాతి తొట్టి చెక్కిపెట్టమని అడగండి.